మంగళవారం దగ్గు, బుధవారం గొంతునొప్పి

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. పరీక్షలు అయిపోయాయి, ఫలితాలు ఇంకా రాలేదు. సారపాకలో మా ఇంట్లో ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే పోయినేడాది ఆగస్టు గుర్తొస్తుంది. అది కూడా ఒక్కోసారి ఒక్కో వరుసలో గుర్తొస్తుంది. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్నది నాకే కలగాపులగం అయిపోతుంది. ఒకసారి మొదటి నుంచి కాగితం మీద పెడితే నిలకడగా ఉంటుందేమోనని మొదలుపెట్టాను. నాలాగా జ్వరం దాచుకుని తిరిగే ఆడపిల్ల ఎవరైనా చదివితే మరీ మంచిది.

నా పేరు ఎస్తేరు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. మా నాయిన పేపరు మిల్లు దగ్గర కాంట్రాక్టు కింద వెదురు లారీలు దించే పని చేస్తాడు. ఇంటర్ అయ్యాక నేను ఖమ్మంలో ఏఎన్ఎం నర్సు ట్రైనింగులో చేరాను. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి సమ్మక్క. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోతే వచ్చే ఒక కోయ ఊరు ఆమెది. ఏది అడిగినా కాసేపు గోడవైపు చూసి, ఆ తర్వాత జవాబు చెప్పేది. ఆ ఆలస్యానికి మొదట్లో నాకు నవ్వొచ్చేది.

*ఆగస్టు*

టీవీలో ముందు పుణె అన్నారు, తర్వాత హైదరాబాద్ అన్నారు. స్వైన్ ఫ్లూ అనేవాళ్ళు కొందరు, పందుల జ్వరం అనేవాళ్ళు కొందరు. ఖమ్మంలో మందుల షాపుల్లో మాస్కులు అయిపోయాయి. జనం కర్చీఫు మూలన కర్పూరం కట్టుకుని వాసన చూస్తూ తిరిగారు. హోమియో గోలీలు ఇస్తున్నారంటే రోడ్డు మలుపు దాకా లైను కట్టారు.

మా క్లాసులో ఎవరు ఎలాంటివాళ్ళో ఆ నెలలోనే బయటపడింది. అన్నిటికీ ముందుండే క్లాస్ లీడరు మొదటి వారంలోనే కడుపునొప్పి అని చెప్పి ఊరికి వెళ్ళిపోయింది. ఎవరితోనూ కలవని ఒక పిల్ల తన దగ్గరున్న ఒకే ఒక్క మాస్కును వార్డు ఊడ్చే ఆమెకిచ్చింది. ఇద్దరినీ చూసి ఆశ్చర్యపోయాం. మరి నేనేమిటి? నేను మంచి నర్సునవుతానని మేడమ్‌లు అనేవాళ్ళు, చర్చిలో అనేవాళ్ళు, నేనూ అదే అనుకునేదాన్ని. దాన్ని పరీక్షించి చూసే అవసరం అప్పటిదాకా రాలేదు.

నాకు కాన్పుల వార్డులో పోస్టింగు. అక్కడ మూలమంచం మీద నాగమణి ఉండేది. మధిర దగ్గరి ఊరు. ఇరవయ్యేళ్ళు, మొదటి కాన్పు, ఎనిమిదో నెల. బీపీ ఎక్కువైందని, కాళ్ళు వాచాయని చేర్చుకున్నారు. రోజుకు మూడుసార్లు నేనే బీపీ చూసేదాన్ని. చూసిన ప్రతిసారీ నా మాట పట్టుకునేది.

"ఏంది అంటావేంటి సిస్టరూ, ఏంటి అనాలి."

"నువ్వు ఏంటి అంటుంటే నాకు సినిమా చూసినట్టుంటది," అనేదాన్ని నేను.

వాళ్ళ ఇల్లు రైల్వే గేటు పక్కనేనట. రైలొస్తే ఎంత పెద్ద గొడవైనా మధ్యలో ఆపాల్సిందేనట. "మా అత్తకీ నాకూ అందుకే పడుతుంది, సగం తిట్లు రైలు తీసుకుపోతుంది," అని నవ్వేది. నాకంటే ఒక్క ఏడాది పెద్దది. అయినా ఆమె మంచం మీద, నేను తెల్ల చున్నీ వేసుకుని పక్కన. అందుకే నేనే పెద్దదాన్ని అనిపించేది.

మంగళవారం పొద్దున నాగమణి దగ్గింది. పొడిదగ్గు. నేను చార్టు మీద రాయబోతే చెయ్యి పట్టుకుంది.

"రాయొద్దు సిస్టరూ. దగ్గు అంటే చాలు, ఆ వెనక గదిలో పడేస్తారంట. మా ఆయన్ని కూడా రానివ్వరంట. దుమ్ముకి వచ్చింది, అంతే."

నేను రాయలేదు. వేడినీళ్ళు తెచ్చిచ్చాను.

బుధవారం నాకు గొంతునొప్పి మొదలైంది.

ఇప్పటికీ ఇక్కడే నేను ఆగిపోతాను. అంతకుముందు ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు చీదుతూనే ఉంది. సోమవారం నేను రెండుమూడుసార్లు తుమ్మాను కూడా. అది లెక్కలోకి వస్తుందా, రాదా? మంగళవారం నుంచి మొదలుపెడితే ఒక కథ, సోమవారం నుంచి మొదలుపెడితే ఇంకో కథ.

గురువారం ఒళ్ళు కాలిపోయింది. స్నానాల గదిలో తలుపేసుకుని నా థర్మామీటరుతోనే చూసుకున్నాను. నూటొకటి దాటింది. పాదరసాన్ని కిందికి దులిపేసి, జ్వరం మాత్ర వేసుకుని వార్డుకు వెళ్ళాను. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం అది. ఇంకో కారణం కూడా ఉంది. జ్వరం వచ్చినవాళ్ళను చూసేదాన్నే తప్ప, చూపించుకునేదాన్ని కాదు నేను. అది పోతే నా దగ్గర ఇంకేమీ మిగలదనిపించింది. అంత చిన్న విషయానికి అంత భయం ఎందుకేసిందో ఇప్పుడు అర్థం కాదు.

శుక్రవారం నాగమణి నడుము నొప్పి అంటే వీపు రుద్దాను. తల పట్టుకుని నీళ్ళు తాగించాను. నా చెయ్యి తగలగానే ఆమె అంది, "నీ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో, హాయిగా ఉంది సిస్టరూ."

శనివారం పొద్దున లేచి జడ వేసుకోబోతే చేతులు పైకి లేవలేదు. సమ్మక్క నా మెడ మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఎన్నొద్దుల నుంచి?"

"ఎవరికీ చెప్పకు సమ్మక్కా. రెండ్రోజులు ఓపిక పడితే పోతది."

ఆమె గోడవైపు చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. ఆ తర్వాత బయటికి వెళ్ళింది. పది నిమిషాల్లో ట్యూటర్ మేడమ్ మా గుమ్మం బయట నిలబడి ఉంది, ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుని.

"వార్డులో ఎవరెవరిని ముట్టుకున్నవ్?"

ముగ్గురి పేర్లు చెప్పాను. నాలుగో పేరు నోటిదాకా వచ్చి ఆగింది. నాగమణి నా చెయ్యి పట్టుకున్నది గుర్తొచ్చింది. మేడమ్ వెనకనుంచి సమ్మక్క అంది:

"మధిర పిల్లను గూడ ముట్టింది మేడమ్. ఆ పిల్ల దగ్గుతాంది. నిన్న ఆ వార్డుకు పోయినప్పుడు చూసిన."

సమ్మక్క వైపు నేను అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు. "నీకేం చేసిన నేను?" అని అరిచాను. అరిస్తే దగ్గొచ్చింది. దాంతో వరండాలో నిలబడ్డ పిల్లలందరూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు. నా బకెట్టు, చెప్పులు అప్పుడే ఎవరో మెట్ల కిందికి విసిరేశారు. విసిరినవాళ్ళలో ఒకరు మొన్నటిదాకా నా పళ్ళెంలో తిన్న పిల్ల.

*వెనక గది*

నాగమణి భయపడ్డ ఆ వెనక గదిలోకి నన్నే తీసుకెళ్ళారు. పాత స్టోరు గది. ఆరు మంచాలు, కిటికీలకు రంగు పూసిన అద్దాలు. ముగ్గురం ఉన్నాం. మిగతా ఇద్దరూ ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళు. డాక్టరు గుమ్మం దగ్గరనుంచే మాట్లాడేవాడు. ముక్కులోంచీ గొంతులోంచీ పుల్లతో తీసుకున్నది హైదరాబాద్‌కు పంపారు. ఏ పనైనా చేసేముందు రోగికి చెప్పి చెయ్యాలని మాకు మొదటి నెలలోనే నేర్పారు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. అడుగుదామంటే, ఇన్ని తెలిసినదాన్ని అడగడమేంటని సిగ్గేసేది. పక్క మంచం ఆమె సెలైను ఆగిపోతే లేచి సరిచేయబోయాను. "నువ్వు పేషెంటువమ్మా, పండుకో," అని సిస్టరు దూరంనుంచి కసిరింది. పడుకున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రిపోర్టు కోసం నాలుగు రోజులు ఎదురుచూశాను. ఆయాసం ఎక్కువైనప్పుడు పైకప్పు కిందికి దిగుతున్నట్టుండేది. ప్రార్థన చేద్దామనుకుంటే మాటలు సగంలో తెగిపోయేవి. నేను చస్తే ఈ రంగు అద్దాల వెనక నన్ను మా అమ్మ చూడను కూడా చూడదు కదా అని ఏడ్చాను. అమ్మా నాయినా బయట షెడ్డులో కూర్చునే ఉన్నారు. లోపలికి రానివ్వలేదు. షెడ్డులో వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. "సదువొద్దు, ఏమొద్దు, పిల్లను ఇంటికి తీస్కపోదాం," అని నాయిన. "అది తనంతట తనొచ్చింది, వస్తనని తనంతట తనే చెప్పాలె," అని అమ్మ.

ఆ గదిలోకి మామూలుగా వచ్చింది ఒక్క వెంకటమ్మే. గది ఊడ్చే ఆయా. మాస్కు గడ్డం కింద వేలాడుతూ ఉండేది. రెండో రోజు దువ్వెన తెచ్చుకుని నా వెనక కూర్చుంది.

"అవ్వా, నా దగ్గర కూసోకు. నీకొస్తది," అన్నాను.

"వస్తే వస్తది. మరి నీకు జడ ఎవరేస్తరు?"

నేను ఆమెను లేపి పంపాలి. కనీసం మాస్కు పైకి లాక్కోమనాలి. నేను నేర్చుకున్నది అదే. కానీ మెడ వెనక ఆ వేళ్ళు తగులుతుంటే తల వంచి కూర్చున్నాను. రోజూ జడ వేయించుకున్నాను. వెంకటమ్మకు ఏమీ కాలేదు. కాకపోవడం నా అదృష్టమే. అయి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించలేను.

నాలుగో రోజు ఆమె జడ అల్లుతూనే రెండు కబుర్లు చెప్పింది. నా రిపోర్టులో అదే జబ్బని వచ్చిందట. మధిర పిల్లకు ఆయాసం ముదిరితే శనివారం సాయంత్రమే అంబులెన్సులో హైదరాబాద్ పంపారట.

"బతుకుతదా అవ్వా?"

"ఏమో బిడ్డా. మాకెవరు చెప్తరు?"

*సెప్టెంబరు*

జ్వరం తగ్గాక నన్ను సారపాక పంపించారు. చర్చివాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడి పాట పాడి, ప్రార్థన చేసి వెళ్ళారు. ఒక్కరూ గడప దాటలేదు. వాళ్ళు రావడం చూసి సంతోషపడాలో, దాటనందుకు బాధపడాలో తేలక దుప్పటి కప్పుకున్నాను. నాయినను వారం రోజులు పనికి రావద్దన్నారు. ఆయన గుమ్మంలో కూర్చుని రోడ్డు మీద వెళ్ళే వెదురు లారీలు చూస్తుండేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా ఊరికి మిల్లు వాసన ఉంటుంది. చుట్టాలు వస్తే ముక్కు మూసుకుంటారు. జబ్బు తర్వాత నాకు ముక్కు మూసుకుపోయి ఏ వాసనా తెలియలేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే గుప్పున ఆ వాసన తగిలింది. "అమ్మా, మిల్లు వాసనొస్తాంది!" అని గట్టిగా అన్నాను. అమ్మ పరుగెత్తుకొచ్చి నా తల పొట్టకు అదుముకుంది. జబ్బు మొదలైనప్పటి నుంచి ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. తనూ భయపడిందని నాకు అప్పుడే తెలిసింది.

బాగయ్యాననుకున్నాను కానీ లోపల ఆ రోజుల లెక్క మాత్రం ఆగలేదు. పాత నోటుబుక్కులో ఆదివారం నుంచి శనివారం దాకా గీతలు గీసి, ఎవరికి ఎప్పుడు దగ్గు, ఎవరికి ఎప్పుడు జ్వరం అని రాసేదాన్ని. ఒకరోజు నాగమణి దగ్గర్నుంచి నాకొచ్చినట్టు తేలేది. మర్నాడు నా దగ్గర్నుంచి ఆమెకు పోయినట్టు తేలేది. ఆమె నుంచి వచ్చిందని తేలిన రోజు బాగా తినేదాన్ని. అలా తిన్నందుకు ఆ తర్వాత సిగ్గుపడేదాన్ని.

*అక్టోబరు తర్వాత*

తిరిగి ట్రైనింగుకు వెళ్తానంటే నాయిన ఒప్పుకోలేదు. "ఎందుకు పోతవ్, చెప్పు," అన్నాడు. నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహం చూసి, బస్టాండు దాకా పెట్టె మోసుకొచ్చాడు.

హాస్టల్లో సమ్మక్క నా మంచం మీద దుప్పటి మార్చి పెట్టింది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు నేనే అడిగాను, నేను పోయాక ఏమైందని. నా గదిలో ఉందని ఆమెనూ ఊరికి పంపేశారట. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని, చేను కాడి పాకలో ఉండమన్నారట. పన్నెండు రోజులు. వాళ్ళమ్మ గట్టు మీద అన్నం పెట్టి, దూరంగా కూర్చుని, తినేదాకా మాట్లాడుతూ ఉండేదట.

"ఒక్కదాన్నే ఉంచిండ్రా? అన్యాయం గదా!" అన్నాను.

ఆమె గోడవైపు చూసింది. "అన్యాయమెట్లయితది? తాతల కాలం నుంచి రోగమొస్తే గట్లనే. నాకు తిండి తెచ్చిండ్రు, పాక చుట్టూ గడ్డి కోసిండ్రు. నీ బకెట్ విసిరేసినట్టు నన్నెవరూ విసిరెయ్యలే." మళ్ళీ తనే అంది, "నేను చెప్పిన గదా అని నీకు కోపం. నాకు ఎవరి మీద కోపం రావాలె?"

ఆమె చేను కాడ ఉన్నది నా వల్లే.

నాగమణి సంగతి కాన్పుల వార్డు సిస్టరు చెప్పింది. మనిషి బతికింది. బిడ్డ దక్కలేదు. శనివారమే పంపకపోయి ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళని డాక్టరు అన్నాడట. ఆ మాట నేను సమ్మక్కకు చెప్పాను. ఆమె మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు.

వెళ్ళి కలవాలని అప్పుడే అనుకున్నాను. డిసెంబరంతా తెలంగాణ బంద్‌లు, బస్సులు నడవలేదు. అది నిజమే కానీ, నడిచిన రోజుల్లో కూడా నేను వెళ్ళలేదు. చివరికి ఫిబ్రవరిలో ఒక ఆదివారం సమ్మక్కే చెప్పులేసుకుని నిలబడి, "నడువ్," అంది.

*మధిర*

గేటు పక్క ఇల్లు అడిగితే చూపించారు. నాగమణి వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతోంది. అత్త కోతకు పోయిందట. నాగమణి బాగా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"సిస్టరూ! తెల్ల చున్నీ లేకపోతే నువ్వు ఇంత చిన్నపిల్లవా?"

కూర్చున్నాం. మిరప ఘాటుకు నాకు దగ్గొచ్చింది. ఆమె చెయ్యి ఆగింది. వెంటనే ఆమెకూ దగ్గొచ్చింది, సమ్మక్కకూ వచ్చింది. ముగ్గురం కళ్ళనీళ్ళు తుడుచుకున్నాం.

నేను ఎలా మొదలుపెట్టాలా అనుకుంటుండగా ఆమే తల వంచుకుని అంది, "నీకు వచ్చిందని ఆస్పత్రిలో చెప్పారు. నా దగ్గరనుంచే వచ్చి ఉంటుంది. దగ్గు ముందు నాకే కదా వచ్చింది. రాయొద్దన్నాను నిన్ను. చార్టులో రాసి ఉంటే నువ్వు నా దగ్గరికి వచ్చేదానివి కాదు. ఆ సిస్టరు పిల్ల ఉందో పోయిందో అని ఎన్నిసార్లు అనుకున్నానో."

ఆరు నెలల నుంచి నేను వినాలనుకున్న మాట అది. తల ఊపితే చాలు. సమ్మక్క నావైపు చూడకుండా తాలు ఏరుతోంది.

"కాదు," అన్నాను. "నాకు గురువారమే జ్వరం. చూసుకున్న, దాచిపెట్టిన. మాత్ర ఏసుకొని నీ దగ్గరికొచ్చిన. అంతకుముందు సోమవారం తుమ్ములు గూడ. నీకు నేనే ఇచ్చిన్నేమో."

అప్పుడే గూడ్సు వచ్చింది. ఎంత పొడుగు బండో. అంతసేపూ ఆమె నా మొహమే చూస్తూ కూర్చుంది. చివరి పెట్టె వెళ్ళాక అడిగింది:

"జ్వరం ఉందని తెలిసే వచ్చావా?"

"అవ్."

"ఎందుకు?"

"పరీక్షకు కూసోనియ్యరని. జ్వరమొస్తే నేను నర్సును కానట్టే అనిపించింది."

ఆమె చేతిలో మిరపకాయ విరిగింది. "ఇప్పుడెందుకు చెప్పావు? ఇన్నాళ్ళూ నా వల్లే అనుకున్నాను. నా దగ్గు, నా మొండితనం, నా బిడ్డ. ఏడ్చి ఏడ్చి దానికి అలవాటుపడ్డాను. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ అనుకోవాలా?"

సమ్మక్క మెల్లగా అంది, "నీ దగ్గు సంగతి మేడమ్‌కు చెప్పింది నేనక్కా. నిన్ను పంపింది అందుకే."

నాగమణి లేచి లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది. ఇక వెళ్ళిపొమ్మన్నట్టేనని మేము లేచి, చెప్పులేసుకుని, గేటు దాకా నడిచాం. వెనకనుంచి పిలిచింది. మొహం కడుక్కుని, మూడు స్టీలు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. నిలబడే తాగాం. బిడ్డ ఆడపిల్ల అని, జుట్టు బాగా ఉందని చెప్పింది.

బస్సు ఆగేచోటు దాకా మాతో వచ్చింది. మాకు మధ్యలో సమ్మక్క నడిచింది. బస్సు కనపడ్డాక నాగమణి నా సెల్ నంబరు అడిగింది. నాకు సెల్ లేదు. మా నాయిన నంబరు చెబితే చేతి మీద పెన్నుతో రాసుకుంది.

"మళ్ళీ నెల తప్పితే ఫోన్ చేస్తాను," అంది. "వచ్చి బీపీ చూడు. జ్వరముంటే మాత్రం రాకు."

నవ్వలేదు. కోపంగానూ లేదు. బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆ మొహం ఎలా ఉందో పోల్చుకోలేకపోయాను.

"సమ్మక్కా, నన్ను క్షమించినట్టా, దెప్పినట్టా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఎర్రగా ఆరబోసిన మిరప కళ్ళాలు రెండో మూడో దాటాయి.

"నాకు తెల్వదు," అంది. "ఆమెకు గూడ తెల్వదేమో. నంబరైతే రాసుకుంది."